ఆరడుగుల కొమ్ములు

మా రైతు సంఘం వారి చిన్న ట్రాక్టరుకు ముందు వైపున ఆరడుగుల ఇనుప కొమ్ములు అమర్చడమైనదనీ, ఐరాల చుట్టుపక్కల ఇంత చిన్న బండికి ఇంత పొడుగు కొమ్ములు పెట్టినవారు మరొకరు లేరనీ ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఆ కొమ్ములు ఇంతవరకు ఏమి ఎత్తినవి అని కొందరు అడుగుతున్నారు. అడిగేవాళ్ళకు పని లేదు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

ట్రాక్టరు మంచిదే. మామిడి చెట్ల కింద ఆకు రాలకుండా దూరిపోయేటంత పొట్టిది. దాని ముందర రెండు ఇనుప చేతులున్నాయి. వాటికి తొట్టి తగిలిస్తే మట్టి ఎత్తుతుంది. రెండు పొడుగాటి ఇనుప పట్టీలు తగిలిస్తే, చెక్క పలక కింద దూర్చి, పలక మీదున్న సరుకునంతా ఒక్క లేపున లేపి లారీలో పెడుతుంది. ఈ పట్టీలను అంగట్లో ఫోర్కులు అంటారు, మా ఊళ్ళో కొమ్ములు అంటారు. ఎట్లా అన్నా ఇనుమే.

ఈ ఏడు గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు ఒక నిబంధన పెట్టారు. తోతాపురి కాయలను క్రేట్లలో సర్ది, క్రేట్లను చెక్క పలక మీద పేర్చి తెచ్చినవాళ్ళకు ముందు టోకెను. వదులుగా పోసుకొచ్చినవాళ్ళు గేటు బయట ఎండలో వరస కట్టాలి. అందువల్ల సంఘం కొమ్ములు కొనాలని తీర్మానించింది. తీర్మానం రాసినవాడు కార్యదర్శి మునిప్రసాద్. ఆయన మనిషి బక్కపలచన, అక్షరాలు మాత్రం లావు.

కొమ్ములు ఎంపిక చేయడానికి ఒక నిపుణుడు కావలసి వచ్చింది. బండి తోలే ఇమ్మానుయేల్ చెన్నై పక్కన ఒక గోడౌనులో పదకొండేళ్ళు ఇట్లాంటి బండే తోలి వచ్చినవాడు. ఏ బరువుకు ఏ కొమ్ము అని అతని చేతులకు తెలుసు. ఆ కారణంగానే అతణ్ణి పక్కన పెట్టారు. పని తెలిసినవాడు పని గురించే మాట్లాడతాడు, సంఘం గౌరవం గురించి మాట్లాడడు అని అధ్యక్షులు పరంధామయ్య గారు సెలవిచ్చారు. నిపుణుడిగా పెంచలయ్యను వేశారు. పెంచలయ్య ముప్పై ఏళ్ళుగా పశువుల పండక్కి ఎద్దుల కొమ్ములకు అలంకారపు పలకలు కట్టేవాడు. కొమ్ము చూసి ఎద్దు వయసూ, ఎద్దును చూసి యజమాని బుద్ధీ చెప్పగలడు. ఇనుప కొమ్ములకు ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆరుగురు పెద్దలు జీపులో తిరుపతి పోయారు. ముందు అలిపిరిలో కొబ్బరికాయ కొట్టారు. ఇంకా కొనని వస్తువుకు కాయ కొట్టడం ముందుచూపు. తర్వాత రేణిగుంట రోడ్డులో ఒక ఇనుప సామాన్ల అంగడికి పోయారు. అక్కడ లోకేష్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. అతనికి మర్యాద తెలియదు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"మీ బండి ఎంత బరువు ఎత్తతాదన్నా? మీరు ఎత్తాల్సిన బరువెంత? పలక లోతెంత?"

కొనడానికి వచ్చినవాళ్ళకు పరీక్ష పెట్టడం ఏ ఊరి పద్ధతో పెద్దలకు అర్థం కాలేదు. పరంధామయ్య గారు కాలు మీద కాలు వేసుకున్నారు.

"అవన్నీ నీకెందుకప్పా? పూతలపట్టు పక్క సంఘం వాళ్ళు ఈడనే గదా కొనింది. వాళ్ళు ఎంత పొడుగువి తీసకపోయినారు?"

"నాలుగడుగులవి. వాళ్ళ బండి పెద్దదన్నా. మీ చిన్న బండికి మూడున్నర అడుగులవి సాలు. పొడుగు జాస్తి అయితే బరువు ముందుకు పోతాది, బండి మూతి కింద పెడతాది. కొమ్ముల బరువు కూడా బండే మొయ్యాల గదా."

"వాళ్ళకు నాలుగు, మాకు మూడున్నరా?"

"అది పొడుగు లెక్క కాదన్నా, బరువు లెక్క."

"ఆరడుగులవి ఉండాయా?"

"ఉండాయి. అవి పెద్ద యంత్రానివి. ఒగాయన వద్దని తిరిగి ఇచ్చేసిపోయినాడు."

"అవి తియ్యి."

పెంచలయ్య లేచి పరీక్ష చేశాడు. ఇనుమును వేలి గణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. అరచెయ్యి పెట్టి మొదటి నుంచి చివరి దాకా నిమిరి, సుడి లేదు అన్నాడు. కొన దగ్గర వాసన చూశాడు. రెండు పట్టీలూ ఒకే అచ్చులో పోసినవైనా, ఇది ఎడమ కొమ్ము, ఇది కుడి కొమ్ము, మారిస్తే సంసారం చెయ్యదు అని సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. లోకేష్ ఇక ప్రశ్నలు మాని రసీదు రాశాడు. ఆ పిల్లవాడికి ఆలస్యంగానైనా వ్యాపారం అబ్బింది.

కొమ్ములు ఊరికి వచ్చిన రోజు ఇమ్మానుయేల్ చూసి తల గోక్కున్నాడు. కొమ్ములూ, వాటిని పట్టే చట్రమూ కలిసి నాలుగు బియ్యం మూటల బరువు. బండి ఎత్తగలిగేదే పది మూటలు, అదీ చేతుల దగ్గర పెట్టుకుంటే. అతను అధ్యక్షులవారికి అర్థమయ్యేటట్టు చెప్పడానికి ప్రయత్నించాడు.

"సామీ, నీళ్ళ బొక్కెన కడుపుకు ఆనించి పట్టుకుంటే మొయ్యొచ్చు. అదే బొక్కెన చెయ్యి సాపి పట్టుకోండి, బుజం ఊడొస్తాది. ఈ కొమ్ములు సాపిన చేతులు. పొట్టివి తెచ్చి, యెనకాల ఒక సిమెంటు దిమ్మె కట్టుకుంటే బండి కుదురుగా ఉంటాది."

"రేయ్, నేనెప్పుడన్నా బొక్కెన మోసినానా?" అని అడిగారు పరంధామయ్య గారు. మోయలేదు. ఇమ్మానుయేల్ పోయి కొమ్ములు బిగించాడు.

కొమ్ములకు పసుపు పూశారు. కొనలకు ఇత్తడి కుప్పెలు తొడిగారు, పండగ ఎద్దులకు తొడిగినట్టు. కుప్పెలు తొడిగాక కొమ్ములు పలక సందులో దూరలేదు. కుప్పెలు తీసేద్దామని ఇమ్మానుయేల్ అన్నాడు. తొడిగిన కుప్పె తీయడం అశుభమని పెంచలయ్య అన్నాడు. కాబట్టి సంఘం పలకలన్నీ వడ్రంగికి పంపి సందులు వెడల్పు చేయించారు. నాలుగు పలకలు విరిగాయి. మిగతావి విరగడానికి సిద్ధంగా తిరిగి వచ్చాయి.

మొదటి రోజు పది ఎరువు మూటలు పెట్టి ఎత్తారు. కొమ్ములు పైకి లేవలేదు, వెనక చక్రాలు లేచాయి. బండి మూతి నేలకు ఆనించి, తోక ఎత్తి నిలబడింది. జనం నోళ్ళు తెరిచారు. పరంధామయ్య గారు మాత్రం తడుముకోలేదు, మైకు అందుకున్నారు.

"చూడండి. ఇది మామూలు బండి కాదు. యజమానికి వంగి నమస్కారం చేసే బండి. వినయం అంటే ఏమిటో నేటి యువత ఈ బండిని చూసి నేర్చుకోవాలి."

చప్పట్లు మోగాయి. వినయం నచ్చని ఊరు ఎక్కడుంది? ఒకరిద్దరు బండికి తిరిగి నమస్కారం పెట్టారు కూడా.

వినయం ఎంత ఉన్నా ఎరువు మూటలు లేవలేదు గనక, వెనక బరువు అవసరమని సంఘం అంగీకరించింది. అంగీకరించాక ఒక గొప్ప సంగతి కనిపెట్టింది. సిమెంటు దిమ్మె ఎందుకు? ఊళ్ళో మనుషులు లేరా? దిమ్మె మాట వినదు, మనిషి వింటాడు. నాగలి తగిలించే చోట ఒక మద్దిపలక బిగించి, ఏడుగురిని కూర్చోబెట్టాలని, వారిని బరువు సభ్యులు అనాలని మునిప్రసాద్ రాశాడు. దాని కిందనే ఇంకో తీర్మానం. యంత్రం వచ్చింది గనక సంఘం ఆవరణలో ఎవరూ క్రేట్లు చేత్తో మోయకూడదు, మోస్తే యంత్రాన్ని అవమానించినట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్రేట్లు మోసే నలుగురు ఆడవాళ్ళకు ఆ రోజు నుంచి సంఘం గోడ బయట కూర్చునే అవకాశం దక్కింది.

మొదట్లో బరువు సభ్యులుగా కూలివాళ్ళే కూర్చున్నారు. వాళ్ళు కూర్చున్నన్నాళ్ళూ బండి బాగానే పని చేసింది. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. తర్వాత ఎవరో ఫోటో తీశారు. పేపర్లో వచ్చింది. ముందు కొమ్ములు, వెనక ఏడుగురు మనుషులు, కింద 'రైతుల ఐకమత్యం' అని రాశారు. తెల్లారేసరికి ఊళ్ళో పెద్దమనుషులందరికీ బరువెక్కాలని బుద్ధి పుట్టింది.

కూలివాళ్ళను దింపేశారు. కొత్త బరువులను ఎన్నిక చేశారు. ఎవరెంత బరువో కాటాలో తూద్దామని ఇమ్మానుయేల్ అడిగాడు. కాయలు తూచే కాటా మీద సభ్యులను ఎక్కించడమా అని సభ అట్టుడికింది. ఎవరి బరువు వాళ్ళే చెప్పుకోవాలని నిర్ణయించారు. చెప్పుకున్నారు. గాలి వీస్తే గోడ పట్టుకునే మునిప్రసాద్ తన బరువు ఎనభై కిలోలని ఇంకుతో రాసుకున్నాడు, బరువు సభ్యుల నాయకుడు కూడా అయ్యాడు. పెంచలయ్య తొంభై చెప్పుకున్నాడు. ఏడో చోటు కోసం ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకున్నారు. ఇద్దరికీ కాకుండా నాకిచ్చారు. నేను మాట్లాడను గనక ఎవరి మనిషినీ కానట. నా బరువు యాభై నాలుగు. యాభై నాలుగనే చెప్పాను. బాగుండదని డెబ్బై వేసుకున్నారు.

కాగితం మీద మొత్తం కలిపితే బండికన్నా మేమే బరువు. ఇమ్మానుయేల్ మా ఏడుగురినీ వరసగా చూసి, "కాగితం మీద ఉండే బరువు కాదు సామీ, పలక మీద ఉండే బరువు కావల్ల" అన్నాడు. ఆ మాటను క్రమశిక్షణా రాహిత్యంగా నమోదు చేశారు.

ఇంతలో జిల్లా నుంచి పెద్దసారు వస్తున్నారని కబురు వచ్చింది. యంత్రం పని చూసి, సంఘానికి ఒక జ్ఞాపిక ఇచ్చి పోతారు. ఆ రోజు ఎత్తడానికి నిజమైన సరుకు కావాలి. ఎరువు మూటలు ఫోటోలో అందంగా ఉండవు. ఇమ్మానుయేల్ చెల్లెలు కృపామణికి ఆ రోజే టోకెను ఉంది.

కృపామణి ఎకరా తోట గుత్తకు చేసుకుంటున్న మనిషి. రోహిణికార్తె గాలికి కాయ దాదాపు అంతా రాలిపోయింది. మిగిలింది ఇరవై క్రేట్లు. అదే ఆ ఏటి పంట. ఫ్యాక్టరీ గేటు సాయంత్రం నాలుగింటికి మూస్తారు. ఆ రోజు తప్పితే మళ్ళీ టోకెను ఎనిమిది రోజులకు. కోసిన కాయకు ఎనిమిది రోజులు ఆగే ఓపిక ఉండదు. ఆమె పొద్దున ఎనిమిదింటికే వచ్చి, క్రేట్లన్నీ పలక మీద పేర్చుకుని, పైన గోనెపట్టా తడిపి కప్పి, పక్కన నిలబడింది. లారీ పది అడుగుల దూరంలో ఆగి ఉంది.

సభ పదింటికి. పెద్దసారు రెండుంబావుకు వచ్చారు. అధికారులకు దూరాలు ఎక్కువ.

పెద్దసారు కారు మలుపు తిరగగానే బరువు సభ్యులం ఏడుగురం మద్దిపలక మీద కూర్చున్నాం. ఇమ్మానుయేల్ కొమ్ములు కాయల పలక కింద దూర్చి ఎత్తాడు. ఈసారి లేచింది. కూలివాళ్ళు కూర్చున్నప్పుడు లేచినంత కుదురుగా కాదు, బాలింత లేచినట్టు మెల్లగా, వణుకుతూ లేచింది. నిలువెత్తున నిలబడగానే కొమ్ములకు ఒక ఫ్లెక్సీ వేలాడదీశారు. అందులో పరంధామయ్య గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. నిజం మనిషికన్నా జానెడు ఎత్తు ఎక్కువ, పదేళ్ళు వయసు తక్కువ.

ఇమ్మానుయేల్ సీటులోంచే వంగి అడిగాడు. "సామీ, లారీ పది అడుగులుండాది. ఈ కాయ లారీలో పెట్టేస్తా. మళ్ళా వచ్చి ఖాళీ పలక ఎత్తి పట్టుకుంటా, మీ ఫ్లెక్సీ ఎంతసేపైనా ఏలాడదీసుకోండి."

"ఖాళీ పలక ఎత్తితే ఎవుడు సూస్తాడురా? సభ అయ్యేదాకా దించేది లేదు. గమ్మునుండు."

"పొద్దు పోతాండాదన్నా" అంది కృపామణి.

"పెద్దసారుకు చేతులెత్తి మొక్కు మేయ్, నీ కాయకు పట్టిన అదృష్టం ఎవురి కాయకు పట్టింది?" అన్నాడు మునిప్రసాద్ మద్దిపలక మీద నుంచి. బరువు సభ్యుల నాయకుడు గనక ఆయనకు ఆ హక్కు ఉంది.

పరంధామయ్య గారు ఉపన్యసించారు.

"సభికులారా! మన తాతలు బరువులు నెత్తిన మోశారు. మన తండ్రులు భుజాన మోశారు. మనం బరువులను మోసే పని లేదు. ఎందుకంటే మనమే బరువులం! ఈ యంత్రానికి వెనక బరువుగా కూర్చున్న ఈ ఏడుగురు త్యాగమూర్తులు ఒక్క అడుగు నడవకుండా, ఒక్క పని చేయకుండా, కేవలం కూర్చుని ఈ గ్రామాన్ని ముందుకు నడిపిస్తున్నారు!"

ఇందులో ఒక్క అబద్ధం లేదు. చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టుకున్నాం. పెద్దసారు కూడా మాట్లాడారు. ఆయన ముందు రోజు ఎక్కడో పట్టుపురుగుల గురించి మాట్లాడి ఉన్నారు, ఆ కాగితమే తెచ్చుకున్నారు. అయినా మా ఊరికి బాగానే అతికింది. గంట మూడుంబావు అయింది. కొమ్ముల మీద కాయ ఎండలో ఉంది. గోనెపట్టా ఎండిపోయి పక్కకు జారింది.

అప్పుడు సన్మానం మొదలైంది.

మా వైపున సన్మానం లేకుండా సభ ముగియదు. పిల్లాడు పదో తరగతి తప్పినా, వచ్చే ఏడు పాసవ్వాలని సన్మానం చేసేవాళ్ళున్నారు. బరువు సభ్యులకు ఏడు తెల్ల పట్టు శాలువాలు తెప్పించి ఉంచారు. ఒక్కొక్కరి పేరూ మైకులో పిలుస్తారు. పిలిచినవాడు వేదిక ఎక్కాలి. పెద్దసారు శాలువా కప్పుతారు. ఫోటో తీస్తారు.

మైకులో పిలవవలసిన మునిప్రసాద్ మద్దిపలక మీద ఉన్నాడు. ఆయన దిగి మైకు దగ్గరికి పోయి, తన పేరు తనే పిలుచుకుని, తనే పైకి ఎక్కాడు. ఆయన దిగినందుకు బండికి ఏమీ తెలియలేదు.

రెండో పేరు పిలిచారు. ఇమ్మానుయేల్ వెనక్కి తిరిగి చూశాడు. "అప్పా, దిగొద్దండి! కొమ్ముల మీద బరువుండాది. నేను దించినాక దిగండి."

రెండో ఆయన అప్పటికే చొక్కా సర్దుకుంటూ పోయాడు. మూడో ఆయనా పోయాడు. వెనక చక్రాలు బరువుకు కిందపక్క నొక్కుకుని ఉన్నవి, గుండ్రమయ్యాయి. నాలుగో ఆయన పోయాక చక్రానికీ నేలకూ మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. ముందర కూర్చున్నవాళ్ళకు బండి నమస్కారానికి వంగుతున్నట్టు కనిపించింది. మళ్ళీ చప్పట్లు.

ఇమ్మానుయేల్ ఇక ఎవరినీ అడగలేదు. పిడి నొక్కాడు. కొమ్ములు మెల్లగా కిందికి దిగసాగాయి. వాటితో పాటు ఫ్లెక్సీ దిగింది. ముందు అధ్యక్షులవారి పాదాలు మట్టికి తగిలాయి, తర్వాత మోకాళ్ళు మడతపడ్డాయి. వేదిక మీద పరంధామయ్య గారు సగం శాలువా పట్టుకుని ఉన్నవారు ఉన్నట్టే కేక వేశారు.

"రేయ్ ఇమ్మానుయేలూ! నా మొకం మట్టిలో పెడతావురా? నిలుపు! నిలుపు!"

సంఘం మనుషులు నలుగురు పోయి ట్రాక్టరు చుట్టూ నిలబడ్డారు. ఒకడు ఇమ్మానుయేల్ చెయ్యి పట్టుకున్నాడు. కొమ్ములు నడుమెత్తున ఆగిపోయాయి. ముఖం మట్టికి జానెడు పైన క్షేమంగా ఉంది.

అయిదో పేరు పిలిచారు, పోయాడు. ఆరో పేరు పెంచలయ్య. ఆయన దిగి, ముందుకు వంగిన బండిని ఒకసారి తేరిపార చూసి, "కుడి కొమ్ము మీద వాలతాండాది, మంచి శకునం" అని చెప్పి పోయాడు.

మద్దిపలక మీద నేనొక్కణ్ణే మిగిలాను. నా కాళ్ళు నేలకు అందడం మానేశాయి. ఏతంబొంగు చివర కూర్చున్నవాడిలాగా పైకి లేచి ఉన్నాను. అంత ఎత్తు నుంచి అన్నీ బాగా కనిపించాయి. లారీ తలుపు తెరిచి ఉంది. గోడ బయట కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు కొంగులు బిగించుకుని లోపలికి పరుగెత్తుకుని వస్తున్నారు. ఇరవై క్రేట్లు వాళ్ళకు పది నిమిషాల పని. కృపామణి వెనక్కి పరుగెత్తుకుని వచ్చి నా కాలు పట్టుకుంది.

"తాతా, నువ్వన్నా లేవొద్దు. పది నిమిసాలు కూసో. మేం చేత్తో దించుకుంటాం. నీ కాలు మొక్కతా."

"గదలొద్దు పెద్దాయనా!" అని ఇమ్మానుయేల్ ముందు నుంచి అరిచాడు.

అప్పుడే మైకులో నా పేరు పిలిచారు. పేరుకు ముందు 'పెద్దలు, మితభాషి, మన ఊరి మౌనముని' అని కూడా చేర్చారు. డెబ్బై ఏళ్ళలో నా పేరు మైకులో రావడం అది మొదటిసారి. సభ అంతా వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

నేను దిగాను.

వెనకాల ఏం జరిగిందో నేను చూడలేదు, వేదిక వైపు నడుస్తున్నాను. చప్పుడు మాత్రం విన్నాను. పెద్దసారు ఉలిక్కిపడి, శాలువా నా మెడకు కాకుండా తలకు కప్పారు. శాలువా సర్దుకుని తిరిగి చూసేసరికి బండి మూతి నేలలో పెట్టి, తోక ఆకాశానికి ఎత్తి ఉంది. ఇరవై క్రేట్లూ కొమ్ముల మీద నుంచి జారి ఫ్లెక్సీ మీద పడ్డాయి. జోడించిన చేతుల మీద, నవ్వు మీద, అంతా కాయ. ఇమ్మానుయేల్ చక్రం పట్టుకుని వేలాడి దిగాడు. మనుషులెవరికీ దెబ్బ తగలలేదు. అందువల్ల ప్రమాదం జరగలేదని తర్వాత నివేదికలో రాశారు.

పెద్దసారు జ్ఞాపిక ఇచ్చేసి, ఆలస్యమైందని కారెక్కారు. దారి ఒక్కటే గనక కారు కాయల మీదుగానే పోయింది. మిగతావాళ్ళు అన్నం పొట్లాల వైపు పోయారు, అదీ ఆ దారే. నాలుగు కావడానికి పది నిమిషాలుండగా లారీవాడు ఖాళీగా వెళ్ళిపోయాడు. చిట్లిన కాయ ఫ్యాక్టరీ తీసుకోదు. అందులో వాళ్ళ తప్పు లేదు. గుజ్జు ఫ్యాక్టరీలోనే తీయాలి, మా ఆవరణలో కాదు.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారి ముఖం మీద పడినందుకు మామిడికాయలను ముందుగా ఖండించారు. ముఖాన్ని ఉద్దేశపూర్వకంగా నేలకు దించే ప్రయత్నం చేసినందుకు ఇమ్మానుయేల్‌ను బండి దింపేశారు. బరువు సభ్యులు తమ విధిని శాలువా కప్పేంతవరకు నిర్వహించినట్టు తేలింది. ప్రమాదం కాని ఈ సంఘటనకు కారణం కనుక్కోమని పెంచలయ్యను పంపితే, ఆయన కొమ్ములు నిమిరి, పొడుగు చాలలేదని తేల్చాడు. ఎనిమిదడుగులవి ఉంటే బండి మూతి వాలినా కొమ్ములు ముందుగానే నేలకు ఆనుకునేవి, సరుకు పడేది కాదు. ఎనిమిదడుగులవి కొనాలని తీర్మానించారు. ఏకగ్రీవం. నేను కూడా చెయ్యి ఎత్తాను. అందరూ ఎత్తినప్పుడు ఒక్కడు ఎత్తకపోతే, మాట్లాడినట్టు అవుతుంది.

సభ జరిగిన సాయంత్రం సంగతి ఒకటి మిగిలిపోయింది. అందరూ పొట్లాలు విప్పుకుంటుంటే కృపామణి నేల మీద కూర్చుని చితకని కాయలు ఏరుకుంటోంది. ఒడి నిండిపోయింది. క్రేట్లు పగిలిపోయాయి. గోనెపట్టా కారు చక్రం కింద చిరిగింది. ఆమె తలెత్తి చుట్టూ చూసింది. మెడలో శాలువా వేసుకుని ఎదురుగా నిలబడినవాణ్ణి నేను.

"తాతా, ఆ గుడ్డ రోంతసేపు ఇస్తావా? ఈ నాలుగు కాయలూ మూట కట్టుకుని పోయి, మళ్ళా ఉతికి తెచ్చిస్తా."

పట్టుకు మామిడి సొన తగిలితే ఆ మరక పోదమ్మా అని చెప్పాను. ఆ రోజంతా నేను మాట్లాడిన మాట అదొక్కటే. అది నిజం కూడా.

ఆమె కాయలు చీరకొంగులోనే కట్టుకుని పోయింది.

ఇదంతా చదివి, ముసలోడా, పది నిమిషాలు కూర్చోలేకపోయావా అని మీరు అడుగుతారు. అడగండి. శాలువా మా ఇంట్లో దండెం మీద ఉంది, ఒక్క మరక లేదు. ఎప్పుడైనా వచ్చి చూడండి. వచ్చేటప్పుడు మీ శాలువా కూడా తెచ్చుకోండి. పక్కపక్కన ఆరేసి చూద్దాం, ఎవరిది ఎక్కువ తెల్లగా ఉందో.